ఆంధ్రా భవన్‌లో భోజనం, కాఫీ హౌస్‌లో కబుర్లు

స్నేహితులతో తీరిగ్గా కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడుకోవడానికి మీకు ఇష్టమైన హోటల్ ఏది, అక్కడ ఏం మాట్లాడుకుంటారు అని అడిగారు. నేను ఉద్యోగరీత్యా ఏడేళ్లు ఢిల్లీలో ఉన్నాను కాబట్టి ఆ ఊరి సంగతే చెబుతాను. ఒక్క హోటల్ పేరు చెప్పి ఊరుకోలేను, ఎందుకంటే మా సెలవు రోజు రెండు చోట్ల గడిచేది. భోజనం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో, ఆ తర్వాతి లోకాభిరామాయణమంతా కన్నాట్ ప్లేస్ దగ్గర మోహన్ సింగ్ ప్లేస్‌లో ఉన్న ఇండియన్ కాఫీ హౌస్‌లో.

క్యాంటీన్‌లో ముందు డబ్బు కట్టి టోకెన్ తీసుకుని, పిలుపు వచ్చేదాకా గుమిగూడిన జనంలో నిలబడాలి. ఖాళీ అయిన కుర్చీలో కూర్చోవలసిందే గాని, మా నలుగురికీ ఒకే బల్ల కావాలంటే కుదిరేది కాదు. పళ్ళెం ముందు పెట్టగానే పప్పు, సాంబారు, చారు, కూరలు, పెరుగు, వేడి పూరీలు వచ్చేస్తాయి. ఆ వెంటనే ఒకతను అన్నం బేసిన్‌తో, మరొకతను నెయ్యి గిన్నెతో తిరుగుతూ ఉంటారు. బల్ల మీద కందిపొడి ఉంటుంది. వేడన్నంలో ఆ పొడి వేసుకుని, నెయ్యి పోయించుకుని మొదటి ముద్ద కలిపేటప్పుడు, తెలుగు రానివాళ్ళు కూడా మన చేతుల వంక చూసి ఎలా కలపాలో నేర్చుకునేవారు. ఈ భవన్‌కు పక్కనే హైదరాబాద్ హౌస్ ఉంది. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం ఎడ్విన్ లుట్యెన్స్ రూపకల్పన చేసిన ఆ కట్టడంలో ఇప్పుడు విదేశాల నుంచి వచ్చే అధినేతలకు విందులు జరుగుతాయి. అక్కడి వంటకాల మాట ఎలా ఉన్నా, చలికాలం మధ్యాహ్నం గోడకు ఇవతల మేము తాగిన మిరియాల చారుకు సాటి వచ్చేది ఆ నగరంలో మరొకటి లేదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

మా జట్టులో ఒకడిది వరంగల్, ఒకడిది అనంతపురం, ఒకడిది ఒంగోలు, నాది తణుకు. మేము మాట్లాడుకున్నదంతా చాలావరకు పేర్ల గురించే. గోంగూర పచ్చడి వడ్డించగానే వరంగల్ వాడు దాన్ని పుంటికూర అనేవాడు. కూర చూసి నేను బంగాళాదుంప అంటే అతను ఆలుగడ్డ అనేవాడు, అనంతపురం మిత్రుడు ఉర్లగడ్డ అని దిద్దేవాడు. నా ఉల్లిపాయ ఒకరికి ఉల్లిగడ్డ, మరొకరికి ఎర్రగడ్డ. పండుగ పూట మిఠాయిగా బొబ్బట్టు వేసినప్పుడు అది బచ్చమా, ఓళిగా, బొబ్బట్టా అన్న వాదం తేలకముందే పళ్ళాలు ఖాళీ అయ్యేవి. అనంతపురం వాడు ఉగ్గాని గురించి చెప్పగా విని, అది మరమరాలతో చేస్తారని నేను తెలుసుకోవడానికి మూడు వారాలు పట్టింది, ఎందుకంటే అతను ఎప్పుడూ బొరుగులు అనేవాడు, నేను అదేదో ధాన్యం అనుకున్నాను. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు బయట ఎంత వేడి ఉన్నా, మా బల్ల దగ్గర గొడవ ఆలుగడ్డను దాటి పోలేదు.

అయితే ఆ క్యాంటీన్‌లో తీరిక ఉండదు. మనం పెరుగన్నంలోకి రాగానే కుర్చీ వెనక మరొకరు వచ్చి నిలబడతారు, వాళ్ళ ఆకలి మనకు తెలుస్తూనే ఉంటుంది కాబట్టి లేవకుండా కూర్చోవడం అన్యాయం. అందుకని చేతులు కడుక్కుని, జన్‌పథ్ మీదుగా అరగంట నడిచి కాఫీ హౌస్ మెట్లెక్కేవాళ్ళం. ప్రభుత్వ సంస్థ అయిన కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసివేస్తున్న కాలంలో, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో అక్కడి పనివాళ్ళే సహకార సంఘాలుగా ఏర్పడి 1957 నుంచి నడుపుతూ వస్తున్న సంస్థ ఇది. ఢిల్లీ కాఫీ హౌస్ మొదట ఇప్పటి పాలికా బజార్ ఉన్న చోట ఉండేదని, అత్యవసర పరిస్థితి రోజుల్లో దాన్ని కూల్చివేశారని పక్క బల్లల దగ్గరి పెద్దవాళ్ళు మాకు చెప్పేవారు. అక్కడ కాఫీ గొప్పదని నేను అనను, మన ఇళ్ళల్లో ఫిల్టరు కాఫీ తాగినవాళ్ళకు అది పలచగానే అనిపిస్తుంది. కానీ ఒక్క కప్పు తెప్పించుకుని మూడు గంటలు కూర్చున్నా ఇంకేం కావాలని ఎవరూ అడగరు. ఒకసారి జీతాలు పెరిగిన సంతోషంలో మేము ఒక ఖరీదైన రెస్టారెంట్‌కు వెళ్ళాం. అక్కడ పాటల హోరులో పక్కవాడి మాట వినబడలేదు, చివరి ముద్ద మింగకముందే బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. మళ్ళీ అటువైపు వెళ్ళలేదు.

ఇలాంటి పనికిరాని కబుర్లకు అంత విలువ ఎందుకిస్తున్నానో ఒక సంగతి చెబితే మీకు తెలుస్తుంది. ఒక జనవరి మధ్యాహ్నం కాఫీ హౌస్ డాబా మీద ఎండలో కూర్చున్నాం. మాటల్లో పచ్చిపులుసు ప్రస్తావన వచ్చింది. చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ నలిపి, పొయ్యి మీద పెట్టకుండా చేసే ఆ పులుసు వరంగల్ మిత్రుడికి ప్రాణం. తాళింపు వేయాలా వద్దా అని మిగతావాళ్ళం వాదించుకుంటూ ఉంటే అతను మాత్రం కప్పులోకి చూస్తూ, "మా బాపుకు పులుపు బంద్ చేయమన్నడు డాక్టరు" అన్నాడు. ఆ తర్వాత ఉప్పు కూడా మాన్పించారన్నాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్తున్నారన్న మాట చివరికి వచ్చింది. నాలుగు నెలలుగా మోస్తున్న ఆ బరువు గురించి మాలో ఎవరికీ తెలియదు. ప్రతి వారం కలిసినప్పుడల్లా "ఎలా ఉన్నావురా?" అని అడుగుతూనే ఉన్నాం, "మంచిగున్న" అని అతను చెబుతూనే ఉన్నాడు. ఆ ప్రశ్నకు రాని జవాబు పచ్చిపులుసు మాటకు వచ్చింది. ఆ సాయంత్రమే ఒంగోలు మిత్రుడు అక్కడే కూర్చుని ఫోన్లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు తత్కాల్ టికెట్ కోసం ప్రయత్నం మొదలుపెట్టాడు. వరంగల్ మిత్రుడు కాజీపేటలో దిగాడని తెలిసేదాకా మా ముగ్గురికీ మనసు నిలవలేదు.

మీరు ఢిల్లీలోనే ఉన్నట్లయితే, క్యాంటీన్‌కు మామూలు రోజున పన్నెండున్నర లోపల వెళ్ళండి. ఆదివారం బిర్యానీ కోసం వచ్చే జనాన్ని తట్టుకునే ఓపిక ఉంటేనే ఆ రోజు పెట్టుకోండి. నలుగురికంటే ఎక్కువమంది వెళ్ళకండి, ఆరుగురైతే రెండు సంభాషణలుగా చీలిపోతారు. కొత్తగా పరిచయమైనవాళ్ళను ఉద్యోగం, జీతం, ఇంటి అద్దె గురించి అడగవద్దు. మీ ఊళ్ళో పప్పులోకి ఏం నంజుకుంటారని అడగండి, ఒంగోలువాడైనా అనంతపురంవాడైనా కాఫీ హౌస్ చేరేదాకా దారి పొడుగునా దాని గురించే చెబుతాడు.