ఎంపీగా నిలబడతానంటున్న కొడుకు: పొలం అమ్మాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి ప్రాంతం. పొగాకు రైతును. మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు, డిగ్రీ అయిపోయింది. 2029లో ఒంగోలు లోక్‌సభ స్థానానికి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడతానంటున్నాడు. కొండపి అసెంబ్లీ ఎస్సీ రిజర్వుడు కాబట్టి మాకు ఎమ్మెల్యేగా అవకాశం లేదు, అందుకే నేరుగా ఎంపీ అంటాడు. ఖర్చులకు రెండెకరాలు అమ్మమంటున్నాడు. వాడు రాసుకున్న హామీల కాగితం జతచేస్తున్నాను. ప్రోత్సహించాలా, మాన్పించాలా?

జవాబు: మాన్పించకండి. పొలం మాత్రం అమ్మకండి. ఒకటి అతని ఇష్టానికి, మరొకటి మీ ఇంటి భద్రతకు సంబంధించినవి. రెండింటినీ ముడిపెట్టింది మీ అబ్బాయే. ఆ ముడి విప్పడమే మీ పని.

ముందుగా ఒక పొరపాటు సరిదిద్దాలి. రాష్ట్రంలో ఎక్కడ ఓటరైనా ఏ జనరల్ అసెంబ్లీ స్థానం నుంచైనా పోటీ చేయవచ్చు. పక్కనే ఒంగోలు ఉంది, కనిగిరి ఉంది. కాబట్టి 'ఎమ్మెల్యే దారి మూసుకుపోయింది, అందుకే ఎంపీ' అన్న వాదన నిలబడదు. ఢిల్లీలో ఫలానా పని చేయాలనుకుని వెళ్లేవాడు వేరు, ఇక్కడ సీటు లేదని ఢిల్లీ బయలుదేరేవాడు వేరు. మీ వాడు ఏ కోవకు చెందుతాడో మొదట తేల్చుకోవాలి. పైగా నియోజకవర్గాల పునర్విభజన జరిగితే సరిహద్దులూ రిజర్వేషన్లూ మారిపోతాయి. ఈనాటి పటం చూసి పొలం బేరం పెట్టడం తొందరపాటు.

చిక్కేమిటంటే, నామినేషన్ వేయడం మరీ సులభం. పరిశీలన నాటికి 25 ఏళ్లు నిండి ఉండాలి. డిపాజిట్ 25 వేల రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. స్వతంత్రుడైతే నియోజకవర్గ ఓటర్లు పదిమంది ప్రతిపాదించాలి. స్నేహితులు నలుగురు, బంధువులు ఆరుగురు కలిస్తే పత్రం సిద్ధం. ఆ డిపాజిట్ తిరిగి దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రావాలి. 2024లో ఒంగోలులో పోలైన ఓట్లు పదమూడు లక్షలు దాటాయి. అంటే గెలవడం అటుంచి, ఆ 25 వేలు వెనక్కి రావడానికే రెండు లక్షలకు పైగా ఓట్లు పడాలి. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద 543 స్థానాల్లో గెలిచిన స్వతంత్రులు ఏడుగురు.

ఇక కాగితం సంగతి. అందులో ఉన్నవి ఊరూరా సిమెంటు రోడ్లు, పింఛన్ల పెంపు, ఇళ్ల పట్టాలు, వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు పూర్తి. చేతిరాత బాగుంది, కానీ ఇవన్నీ ప్రధానంగా రాష్ట్రం చూసే పనులు. ఎంపీ చేతిలో సొంతంగా ఉండేది ఏటా 5 కోట్ల నియోజకవర్గ అభివృద్ధి నిధి. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లకు పంచితే ఎంతవుతుందో లెక్కవేసుకోండి. అసలు బలం సభలో అడిగే ప్రశ్న. లోక్‌సభలో రోజుకు మంత్రులు సభలో నోటితో జవాబు చెప్పవలసిన 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 వరకు రాతపూర్వక జవాబుల ప్రశ్నలు ఉంటాయి. పాత ప్రశ్నలూ మంత్రుల జవాబులూ సభ వెబ్‌సైటులో ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ఒంగోలు, నెల్లూరు సభ్యులు ఇన్నేళ్లుగా ఏమడిగారో మీ అబ్బాయి ఎప్పుడైనా చూశాడా?

విచిత్రం ఏమిటంటే, కేంద్రం చేతిలో ఉన్న అసలైన విషయం మీ ఇంటి బ్యారన్‌లోనే, అంటే పొగాకు కాల్చే కొట్టంలోనే ఉంది. పొగాకు బోర్డు కేంద్ర వాణిజ్య శాఖ కింద పనిచేస్తుంది. పంట పరిమాణం నిర్ణయించడం, రైతును నమోదు చేయడం, బ్యారన్‌కు లైసెన్సు ఇవ్వడం, వేలం నడపడం అంతా దాని పనే. కొండపి, టంగుటూరు, కందుకూరు వేలం కేంద్రాల్లో ధర పడిపోయిన ఏడాది రైతు గోడు వినిపించవలసిన చోటు ఢిల్లీ. దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా వెళ్లే నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గమూ కేంద్రం కట్టేదే. రొయ్యల ఎగుమతులూ అంతే. ఇంటి చూరు కింద ఉన్న విషయాన్ని వదిలేసి సిమెంటు రోడ్ల హామీ ఇవ్వడం చూస్తే, అతను ఎవరి ప్రసంగమో విని రాసినట్టుంది. ఆ కాగితం చింపేయమనండి. పొగాకు బోర్డు మీద మూడు పేజీలు సొంతంగా రాయగలిగిన రోజు నాకు పంపమనండి, తప్పకుండా చదువుతాను.

కొత్తవాళ్లు ఫ్లెక్సీలకు, వీడియోలకు డబ్బు పోస్తారు. నన్నడిగితే మొదటి ప్రాధాన్యం మనుషులకు, అంటే పోలింగ్ కేంద్రంలో కూర్చునేవాళ్లకు. టంగుటూరు తీరం నుంచి గిద్దలూరు వైపు నల్లమల దాకా ఈ నియోజకవర్గంలో పోలింగ్ కేంద్రాలు పదిహేను వందలకు తగ్గవు. తెల్లవారుజామునే ఏజెంటు వెళ్లి, కనీసం 50 ఓట్లతో జరిగే నమూనా పోలింగ్ దగ్గరుండి చూడాలి. సాయంత్రం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన 17సి పత్రం నకలు చేతికి తీసుకునేదాకా కదలకూడదు. వేలం రోజున మీ పొగాకు బేలు దగ్గర మీ మనిషి లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఇప్పుడు మీ అబ్బాయికి పదిహేను వందల మంది లేరు, సరే. ఒక్క మండలంలో ప్రతి కేంద్రానికీ ఒక నమ్మకస్తుడు ఉన్నాడా? ముందు అది సాధించమనండి. మీ ఊరి ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరగమనండి. చనిపోయినవారి పేర్లు, వలస వెళ్లినవారి పేర్లు, పద్దెనిమిది నిండినా ఎక్కని పిల్లల పేర్లు గుర్తించి, ఫారం 6, 7, 8 నింపడంలో ఊరివాళ్లకు సాయపడమనండి. ఫొటోలకు పనికొచ్చే పని కాదు. కానీ ఒక్కో ఇంట్లో ఎవరు ఏ పని మీద ఎక్కడున్నారో దీంతో తెలిసినంతగా మరి దేనితోనూ తెలియదు.

స్థానిక ఎన్నికలను చిన్నచూపు చూడవద్దని కూడా చెప్పండి. పంచాయతీకి 21 ఏళ్లు చాలు, పార్టీ గుర్తులు ఉండవు. మన సర్పంచులు ఎన్నికైంది 2021 ఫిబ్రవరిలో, అయిదేళ్ల పదవికి. రిజర్వేషన్ అనుకూలిస్తే వార్డు సభ్యుడిగానైనా నిలబడాలి. అతను మూతి ముడుచుకుంటాడని తెలుసు. పెద్ద పదవికి మెట్లెక్కే వెళ్లాలని చెప్పండి. నెల్లూరు జిల్లా చవటపాలెంలో పుట్టిన వెంకయ్యనాయుడు గారు విద్యార్థి రాజకీయాల నుంచి వచ్చి, 1978లో ఉదయగిరి నుంచి తొలిసారి శాసనసభకు వెళ్లారు. ఉపరాష్ట్రపతి అయింది 2017లో.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. మన రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. అది గరిష్ఠం మాత్రమే, అంత పెట్టి తీరాలని కాదు. ఖర్చుకు ప్రత్యేక బ్యాంకు ఖాతా తెరవాలి. అధికారులిచ్చే రిజిస్టరులో రోజువారీ ఖర్చుకు తెల్ల కాగితాలు, నగదుకు గులాబీ, బ్యాంకుకు పసుపు కాగితాలు ఉంటాయి. ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పగించాలి. సరైన కారణం లేకుండా ఎగవేస్తే మూడేళ్లు పోటీకి అనర్హుడిగా ప్రకటించవచ్చు. ఇంటి ఖర్చు నెలంతా రాయలేని వాడికి ఈ రిజిస్టరు నరకం. వచ్చే పంటకు బ్యారన్ ఖర్చు మొత్తం, కట్టెల నుంచి కూలీల దాకా, అతని చేత రాయించి చూడండి.

ఇక చదువు. రాజకీయాన్ని జీవనాధారం చేసుకున్న కుర్రవాడు రెండో ఏడాదికే ఎవరో ఒక నాయకుడి కారులో వెనుక సీటుకు పరిమితమవుతాడు. అందుకే న్యాయవిద్య ప్రవేశ పరీక్ష ఏపీ లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయడం మంచిది. నెల్లూరులోని వి.ఆర్. న్యాయ కళాశాల వంటివి దగ్గర్లోనే ఉన్నాయి. కోర్టు పని ఆదాయమూ ఇస్తుంది, జనంలోనూ ఉంచుతుంది. ఇంకో దారి చట్టసభల పనితీరుపై పరిశోధన చేసే ఢిల్లీలోని పీఆర్‌ఎస్ సంస్థ నడిపే లాంప్ ఫెలోషిప్. 25 ఏళ్ల లోపు పట్టభద్రులను ఎంపిక చేసి, ఒక్కొక్కరిని ఒక ఎంపీ దగ్గర దాదాపు ఏడాది పాటు సహాయకుడిగా పెడతారు. ప్రశ్నలు తయారుచేయడం, బిల్లులు చదివి సారాంశం రాయడం అక్కడి పని. పోటీ గట్టిగా ఉంటుంది, ఇంగ్లీషులో రాయడం వచ్చి ఉండాలి. వయసు దాటకముందే దరఖాస్తు చేయించండి. ఎంపికైతే లాసెట్ ఒక ఏడాది వెనక్కి జరిగినా నష్టం లేదు.

రెండెకరాల బేరానికి ఎవరినైనా పిలిచి ఉంటే ఈ వారమే వద్దని చెప్పేయండి.