టెక్ సందేహాలు: క్వారీ దుమ్ములో ఇంజిన్‌కి ఏ ప్రీక్లీనర్ పెట్టాలి?

ఈ వారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా ఒకే విషయం మీద ఉన్నాయి. అందుకే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సంగతి వచ్చే వారానికి ఉంచి, దుమ్ములో పనిచేసే యంత్రాల గురించి, వాటి ఎయిర్ ఫిల్టర్‌కి గాలి చేరకముందే దుమ్మును చాలావరకు వేరుచేసే ప్రీక్లీనర్ గురించి చూద్దాం. నెలనెలా కిస్తీ కట్టుకునే ఇంటికి ఇంజిన్ బోరుకి రావడం, అంటే సిలిండర్లు అరిగి ఇంజిన్ విప్పి చేయించాల్సి రావడం, చిన్న దెబ్బ కాదు.

ప్రశ్న: గ్రానైట్ క్వారీలో నా పొక్లెయిన్ నడుస్తోంది. వారం తిరక్కుండానే ఎయిర్ ఫిల్టర్ ఎర్ర గుర్తు చూపిస్తోంది. ప్రీక్లీనర్ పెట్టమన్నారు. షాపులో మూడు రకాలు చూపించారు: దుమ్ము పడే గాజులాంటి గిన్నె ఉన్నది, తిరుగుతూ దుమ్మును బయటికి విసిరేది, లోపల సన్న గొట్టాలతో సైలెన్సర్‌కి కలిపేది. ఏది తీసుకోవాలి? (టెక్కలి నుంచి ఒక యజమాని)

జవాబు: మీ పనికి రెండోది, అంటే తిరిగే రకం, సరిపోతుంది. ఎందుకో చెప్పే ముందు దుమ్ము గురించి రెండు మాటలు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద దానికి 7. మామూలు ఉక్కు అంతకన్నా మెత్తన. కంటికి కనిపించే రవ్వ కన్నా కనిపించని నుసితోనే ప్రమాదం ఎక్కువ. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పిస్టన్ రింగుకీ, అది రాసుకునే సిలిండర్ గోడ అయిన లైనర్‌కీ మధ్య ఆయిల్ పొర కొద్ది మైక్రాన్లే ఉంటుంది. 5 నుంచి 20 మైక్రాన్ల రవ్వ అక్కడికి చేరిందంటే రెండు వైపులా గీసుకుంటూ పోతుంది.

ప్రీక్లీనర్ పని గాలిని సుడి తిప్పడం. బరువైన రవ్వలు అంచుకు కొట్టుకుని విడిపోతాయి, మిగిలిన గాలి ఫిల్టర్‌కి వెళ్తుంది. గిన్నె రకంలో ఆ దుమ్ము గిన్నెలోనే కూర్చుంటుంది. గీత దాకా నిండితే దులపాలి. క్వారీలో అది పూటకోసారి నిండవచ్చు, షిఫ్ట్ మధ్యలో ఎవరూ దిగి దులపరు. గీత దాటాక ఆ గిన్నె ఉన్నా లేనట్టే. తిరిగే రకానికి ఆ బాధ లేదు. ఇంజిన్ పీల్చే గాలే లోపలి రెక్కల్ని తిప్పుతుంది, దుమ్ము పక్కనున్న సందులోంచి బయటికి పోతుంది. కరెంటు అక్కర్లేదు. మీ పొక్లెయిన్ పని చేస్తున్నంతసేపూ ఎక్కువ ఆర్‌పీఎం మీదే ఉంటుంది కాబట్టి రెక్కలు బాగా తిరుగుతాయి. గొట్టాల రకం నుసిని ఇంకా బాగా విడదీస్తుంది. కానీ సైలెన్సర్‌లో పొగ పోయే ఊపుతో దుమ్మును బయటికి లాగిస్తుంది కాబట్టి పైపులు, వెనక్కి పొగ రాకుండా వాల్వు, బిగింపు అన్నీ సరిగ్గా కుదరాలి. కంపెనీ నుంచే అలా వచ్చిన బండికి అది మంచిది. బయట మెకానిక్ చేత అతికించే పనైతే నేను వద్దంటాను.

సైజు మాత్రం కళ్లతో చూసి కొనకండి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకొకసారి గాలి పీలుస్తుంది. ఉదాహరణకు 4 లీటర్ల ఇంజిన్ 2200 ఆర్‌పీఎం మీద ఉంటే, 4 × 2200 ÷ 2, అంటే నిమిషానికి 4400 లీటర్లు. సిలిండర్ పూర్తిగా నిండదు కాబట్టి 85 శాతం వేసుకుంటే 3740. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నింపే భాగం) 0.8 బార్ బూస్ట్, అంటే అదనపు ఒత్తిడి, ఇస్తుంటే, గాలి వేడెక్కడం కూడా కలుపుకుని దాదాపు 1.6 రెట్లు. మొత్తం సుమారు 6000 లీటర్లు, షాపు భాషలో 210 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). మీ ఇంజిన్ లీటర్లతో ఇదే లెక్క వేసుకోండి. ప్రీక్లీనర్ మీద రాసిన కనిష్ఠ, గరిష్ఠ అంకెల మధ్యలో మీ లెక్క పడాలి. చిన్నది కొంటే ఇంజిన్‌కి ఊపిరాడదు. ‘పెద్దదైతే మంచిదే కదా’ అని పెద్దది కొంటే రెక్కలు సరిగ్గా తిరగవు, దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. ఈ రెండో తప్పే నేను ఎక్కువగా చూస్తున్నాను.

పెట్టె మీద ‘85 శాతం దుమ్ము ఆపుతుంది’ అని ఉంటే, ఏ దుమ్ముతో పరీక్షించారో అడగండి. ఎయిర్ ఫిల్టర్లకి వాడే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5011 పరీక్షలో ముతక దుమ్ము, సన్న దుమ్ము వేరు. ముతక దుమ్ముతో వచ్చిన అంకె ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. నూటికి 85 పోతే ఫిల్టర్ ఆరు రెట్లు బతకాలనిపిస్తుంది గానీ అలా జరగదు. మిగిలిన 15 శాతం దాదాపు అంతా సన్న నుసే, ఫిల్టర్ కాగితాన్ని త్వరగా మూసేసేది అదే.

డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. టెక్కలి వైపు ఒక క్వారీలో నేను కళ్లారా చూసింది చెబుతాను. ఫిల్టర్ కొత్తది, ప్రీక్లీనర్ కూడా ఉంది, అయినా బండి బ్రీదర్ గొట్టంలోంచి (ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే గొట్టం) పొగ, అంటే రింగులు అరిగాయన్న గుర్తు. ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య ఉన్న రబ్బరు హోస్ విప్పి తెల్లగుడ్డ చుట్టిన వేలు లోపల తిప్పాం. గుడ్డకి బియ్యప్పిండిలా బూడిదరంగు పొడి అంటుకుంది. క్లిప్పు కింద రబ్బరు సన్నగా చిట్లి ఉంది. ‘ఫిల్టర్ కొత్తదే గదా బాబూ, మరేటైనట్టు?’ అని ఆపరేటర్ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అతని తప్పేమీ లేదు. ఫిల్టర్ దాటిన తర్వాత ఎక్కడ సందున్నా ముందు పెట్టిన ఏ వస్తువూ కాపాడలేదు. ఆ హోసు, క్లిప్పులు ముందు చూసుకోండి. ప్రీక్లీనర్ తర్వాత కొనండి.

ప్రశ్న: నాకు వరికోత మిషన్ ఉంది. గొట్టాల ప్రీక్లీనర్ పెడితే ఇక ఫిల్టర్ మాట మర్చిపోవచ్చని ఒక స్నేహితుడు చెప్పాడు. నిజమేనా? (నరసన్నపేట)

జవాబు: మీ మిషన్‌కి వద్దు. క్వారీలో ఉండేది రాతి పొడి. పొలంలో ఉండేది పొల్లు, గడ్డి నారలు, వెన్నుల నూగు. ఇవి తేలిక కాబట్టి సుడిలో అంచుకు పోవు, సన్న గొట్టాల్లో అడ్డంగా ఇరుక్కుంటాయి. కోతల మధ్యలో వాటిని ఒక్కొక్కటే ఊదుకుంటూ కూర్చోవాలి. మీకు కావలసింది బయట జాలీ ఉండి, గడ్డిని అక్కడే ఆపేసే తిరిగే రకం. వీలైతే గాలి తీసుకునే మూతిని ఒకటి రెండు అడుగులు పైకి లేపించండి. ఎత్తు పెరిగేకొద్దీ పొల్లు తగ్గుతుంది. డ్రైవర్ చూపుకి అడ్డం రాకుండా చూసుకోండి.

ప్రశ్న: గరివిడి దగ్గర మాంగనీస్ ఖనిజం లోడింగ్‌లో మా లోడర్ ఉంది. కంపెనీ ఫోన్ యాప్‌లో తరచూ ‘ఎయిర్ ఫిల్టర్ బ్లాక్’ అని అలర్ట్ వస్తోంది. ఆపరేటర్ రోజూ ఫిల్టర్ తీసి గాలి కొట్టి పెడుతున్నాడు. అయినా టెన్షన్‌గా ఉంది. ప్రీక్లీనర్ పెడితే అలర్ట్ ఆగుతుందా? (చీపురుపల్లి)

జవాబు: అలర్ట్‌లు తగ్గుతాయి. కానీ మీరు భయపడాల్సింది ఆ రోజువారీ గాలి కొట్టడం గురించి. ఫిల్టర్ కాగితానికి 2 బార్, అంటే 30 పీఎస్ఐ కన్నా ఎక్కువ గాలి పెట్టకూడదు. అదీ లోపలి నుంచి బయటికి. సైటులోని డ్రిల్లింగ్ కంప్రెసర్ 7 బార్ ఇస్తుంది. అది కాగితానికి సూది బెజ్జాలు పెడుతుంది. చీకటిగదిలో ఫిల్టర్ లోపల ఎల్ఈడీ బల్బు పెట్టి బయట నుంచి చూడండి. ఎక్కడైనా చుక్కలా మెరిస్తే అది పారేయాల్సిందే. లోపలుండే చిన్న సేఫ్టీ ఫిల్టర్‌ని అసలు ఊదకూడదు. పెద్దది మూడుసార్లు మార్చినప్పుడు అది ఒకసారి కొత్తది వేయాలి.

యాప్ గురించి ఇంకో మాట, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆ సెన్సర్ కొలిచేది దుమ్మును కాదు, ఇంజిన్ గాలి లాగడానికి పడే కష్టాన్ని. చాలా టర్బో డీజిల్ ఇంజిన్లకి ఆ కష్టానికి హద్దు 25 అంగుళాల నీటి మట్టం (గాలి లాగే బలం నీటిని ఎంత ఎత్తుకు లేపగలదో చెప్పే కొలత), అంటే సుమారు 635 మిల్లీమీటర్లు. ఫిల్టర్ చిల్లు పడినా, హోసు చిట్లినా గాలి సులువుగా వస్తుంది. అప్పుడు యాప్ పచ్చగానే ఉంటుంది. ఊదిన వెంటనే అలర్ట్ పోయి వారాల తరబడి మళ్లీ రాకపోతే సంతోషించకండి, ముందు ఆ హోసు విప్పి చూడండి.

ప్రీక్లీనర్ కూడా ఆ 25 అంగుళాల్లో కొంత తినేస్తుంది. కొత్త ఫిల్టర్ వేసి, పూర్తి ఆర్‌పీఎం, పూర్తి లోడ్ మీద ప్రీక్లీనర్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి గేజ్ రీడింగ్ తీసి రాసుకోండి. ముందు 10 అంగుళాలు చూపించి తర్వాత 18 చూపిస్తే అది మీ ఇంజిన్‌కి చిన్నది. వెనక్కి ఇచ్చేయండి. బండి వారంటీలో ఉంటే బిగించే ముందు డీలర్ దగ్గర రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ప్రశ్న: పాత ట్రాక్టర్. ఇటుక బట్టీకి మట్టి తోలతాం. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ (గాలిలోని దుమ్మును నూనెలో పట్టే రకం) ఉంది. దీనికి కూడా ప్రీక్లీనర్ కావాలా? (విజయనగరం)

జవాబు: చాలా పాత ట్రాక్టర్లకి పైన చిన్న గిన్నె ముందే ఉంటుంది, అది పగిలిపోయి ఉంటే మార్చుకుంటే చాలు. అడుగున ఆయిల్ గీత దాకా ఉందా, చిక్కటి బురదలా అయిందా అని బట్టీ రోజుల్లో ప్రతి ఉదయం చూడండి. గీత దాటి పోయకండి, ఇంజిన్ ఆ నూనెని లాగేసుకుంటుంది.

తిరిగే రకం ఇప్పటికే పెట్టుకున్నవాళ్లు వాన పడ్డ మర్నాడు ఇంజిన్ ఆపి పైకెక్కి రెక్కల్ని వేలితో తిప్పి చూడండి. తడిసిన రాతిపొడి ఆ సందులో సిమెంట్‌లా గట్టిపడుతుంది. ఫిల్టర్ డబ్బా కింద వేలాడే రబ్బరు మూతిని కూడా రోజూ ఒకసారి పిసకండి. అది ఊడిపోయినా, బిరుసెక్కి మూసుకోకపోయినా బయటి దుమ్ము అక్కడి నుంచే లోపలికి వస్తుంది. కొత్తది వేయించేదాకా బండి నడపొద్దు.