గిజిగాడు సగం గూళ్లు ఎందుకు వదిలేస్తాడు?

ప్రశ్న: మా పొలం బావి మీదికి వంగిన ఈతచెట్టుకి గిజిగాడి గూళ్లు పాతిక దాకా వేలాడుతున్నాయండీ. చాలావాటికి కింద గొట్టం లేదు, టోపీ బోర్లించినట్టు ఉండిపోయాయి. కాకులేమైనా పాడుచేశాయా? మా పాప ఒకటి తెంపి ఇంట్లో పెట్టుకుందాం అంటోంది, తెంపొచ్చా?
- ఒక పాఠకురాలు, తెనాలి దగ్గర

జవాబు: ఎవరూ పాడుచెయ్యలేదమ్మా, అవి పెళ్లిచూపుల కోసం కట్టిన గూళ్లు! అల్లేది మగపిట్టే. వానలు మొదలయ్యే టైంకి దాని నెత్తి, రొమ్ము పసుపుపచ్చగా మెరుస్తాయి, ముఖానికి ముదురు గోధుమరంగు మాస్క్, అదే మిగతా రోజుల్లో చూస్తే ఆడ ఊరపిచ్చుకలా ఉంటుంది, గుర్తుపట్టడమే కష్టం.

పొద్దున్నే వరిచేలో గమనించండి. ఆకు మీద వాలి, మొదట్లో ముక్కుతో గాటు పెట్టి, ఆ అంచు పట్టుకుని ఎగిరిపోతుంది, జర్రున సన్నటి పీలిక ఊడొస్తుంది. ఒక్క గూటికి ఇలా వందల ట్రిప్పులు. టోపీ దశకి రాగానే పని ఆపి, గూటికి వేలాడి రెక్కలు టపటపలాడిస్తూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. ఆడది వచ్చి లోపలా బయటా చూసుకుంటుంది, నచ్చితేనే మగది గుడ్ల గది పూర్తిచేసి కిందికి గొట్టం అల్లుతుంది, నచ్చకపోతే ఆ గూడు అలాగే ఉండిపోతుంది, మీ చెట్టు మీద జరిగింది అదే. ఆడది రెండు నుంచి నాలుగు తెల్ల గుడ్లు పెట్టి పొదుగుతుంటే మగది ఇంకో గూడు మొదలెట్టి ఇంకో జత కోసం పిలుపులు! 1930లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారు ముంబై దగ్గర కిహిమ్‌లో వీటి కాపురాన్ని దగ్గరుండి చూసి రాశారు.

గూట్లో మిణుగురుల్ని అతికించి దీపం పెట్టుకుంటుందంటారు కదా, తడిమట్టి తెచ్చి లోపల పెట్టడం నిజం, దీపం మాత్రం కథే.

తెంపడం మాత్రం వద్దమ్మా, దయచేసి. గొట్టం ఉన్నవాటిలో పిల్లలుండొచ్చు. కింద నీళ్లు, చుట్టూ ముళ్లు చూసుకుని పాములకి అందకుండా ఎంచుకున్న చోటది. ఇవి వెళ్లిపోయాక పాత గూళ్లలో మునియాలనే చిన్న పిట్టలు కూడా చేరతాయి. గాలికి రాలిపడ్డ ఖాళీ గూడు దొరికితే పాపకివ్వండి, గొట్టంలోంచి మెల్లగా వేలు పోనిచ్చి చూడమనండి, గదికి ముందు చిన్న గట్టు తగులుతుంది, చెట్టు ఎంత ఊగినా గుడ్లు జారి పడకుండా ఆపేది అదే.