రాత్రి 11 దాకా షిఫ్ట్, జీమ్యాట్‌కు ఎప్పుడు చదవాలె?

ప్రశ్న: అక్కా నమస్తే. బీటెక్ అయినంక మూడేండ్ల నుంచి హైదరాబాద్ కంపెనీకి ఇంటికాడి నుంచే పనిచేస్తున్న, షిఫ్ట్ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 దాకా. ఐఎస్‌బీ బిజినెస్ స్కూల్‌కు అప్లై చేద్దామని నవంబర్ మొదట్ల జీమ్యాట్ (ఎంబీఏ లాంటి కోర్సుల ఎంట్రెన్స్) రాద్దామనుకుంటున్న, ఇంకా 14 వారాలుంది. పొద్దుగాల 4కు లేచి 8 దాకా చదవాలె అని టైమ్‌టేబుల్ రాసి గోడకు అంటించిన, మూడు రోజులే నడిచింది. ఇప్పటికి నాలుగు టైమ్‌టేబుళ్లు మారినయి. సీనియర్ ఒకాయన తన పాత పుస్తకాలన్నీ ఇచ్చిండు. ఎట్ల ప్లాన్ చేసుకోవాలె?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్మీ, ముందుగాల గోడ మీది కాయితం తీసెయ్. రాత్రి 11కు లాప్‌టాప్ మూసి, తిని పండుకునేసరికి ఒంటిగంట అయితది, 4కు ఎట్ల లేస్తవ్? తప్పు నీ పట్టుదలది కాదు, టైమ్‌టేబుల్‌ది. నీకు నిజంగ చేతిలున్న టైమ్ పొద్దున 9 నుంచి పదిన్నర, అప్పటికి నిద్ర కూడా సరిపోతది. వారానికి ఐదు రోజులు గంటన్నర, శని ఆదివారాలు మూడేసి గంటలు, అంటే వారానికి పదమూడున్నర గంటలు. బతుకమ్మ, దసరా రోజుల్ల ఇంటినిండ చుట్టాలుంటరు, చదువుత అని అనుకోకు, ఆ ఒక్క వారం ఇప్పుడే తీసెయ్. మిగిలిన 13 వారాలకు ఇంచుమించు 175 గంటలు వస్తయి, నికరంగ కూసుంటే ఇది తక్కువేం కాదు.

పాత పుస్తకాల సంగతి. 2024 ఫిబ్రవరి నుంచి జరుగుతున్నది కొత్త రకం పరీక్షే, అండ్ల సెంటెన్స్ కరెక్షన్ (ఇంగ్లిష్ వాక్యం సరిదిద్దుడు) లేదు, ఎస్సే లేదు, క్వాంట్‌ల, అంటే లెక్కల సెక్షన్ల, జామెట్రీ లేదు. ఆ చాప్టర్లు ముట్టకు. ఇప్పుడున్నయి మూడు సెక్షన్లు, ఒక్కోటి 45 నిమిషాలు: క్వాంట్ 21 ప్రశ్నలు, వెర్బల్ (ఇంగ్లిష్) 23, డేటా ఇన్‌సైట్స్ (పట్టికలు, గ్రాఫులు, ఇచ్చిన సమాచారం చూసి తేల్చుడు) 20. ఏది ముందు రాయాలన్నది నీ ఇష్టం. స్కోర్ 205 నుంచి 805 దాకా ఉంటది.

ఈ ఆదివారం చదువు మొదలుపెట్టకముందే జీమ్యాట్ అధికారిక సైట్ ఎంబీఏ డాట్ కామ్‌ల ఫ్రీగ ఇచ్చే రెండు మాక్ టెస్టులల్ల ఒకటి రాయి, మార్కులు తక్కువొస్తయి, రానీ, ఏ సెక్షన్ల ఎన్ని గంటలు పెట్టాల్నో అదే చెప్తది. రెండోది పరీక్షకు రెండు వారాల ముందటికి దాచుకో. మొదటి ఐదు వారాలు కాన్సెప్టులు, తర్వాత ఐదు వారాలు గడియారం పెట్టుకొని సెట్లు, చివరి మూడు వారాలు మాక్‌లు, వాటి తప్పులు. ఇంతే, దీనికన్న చిన్నచిన్నగ విడగొట్టకు, గంటగంటకు రాసుకుంటే ఐదో టైమ్‌టేబుల్ గూడ మారుతది.

అసలు నేను చెప్పేదల్లా తప్పుల నోట్‌బుక్ గురించి. జాబ్ చేసుకుంట చదివే పిల్లల నోట్‌బుక్‌లు నేను చూస్తుంట, రోజుకు 40 లెక్కలు చేసినమంటరు గనీ తప్పువోయిన తొమ్మిదింటిని మళ్ల చూడనే చూడరు. నువ్వు 15 చెయ్, తప్పయిన ప్రతిదానికి మూడు ముక్కలు రాయి: ఏం అడిగిండు, నేనేం అనుకున్న, ఎన్ని నిమిషాలు పోయినయి. "సగటు లెక్క. ఫార్ములా వచ్చు. పూర్ణాంకం అని ఉన్నది చదవలే. 4 నిమిషాలు." ఇట్లాంటి లైన్లు 20 అయినంక చూస్తే నీ రోగం లెక్కలల్ల ఉందా, చదువుడుల ఉందా నీకే తెలుస్తది. శనివారం మూడు గంటలల్ల ఒక గంట దీనికే.

ఇంజినీరింగ్ వాళ్లు డేటా సఫిషియెన్సీల ఎక్కువ టైమ్ పోగొట్టుకుంటరు. డేటా ఇన్‌సైట్స్‌ల వచ్చే ఈ ప్రశ్నల రెండు మాటలు ఇచ్చి, జవాబు తేల్చనీకి అవి సరిపోతయా అని అడుగుతరు. టిఫిన్ సెంటర్ల ప్లేట్ ఇడ్లీ, చాయ్ కలిపి 50 రూపాయలు, ఇడ్లీ ఎంత? ఒకటో మాట: రెండు ప్లేట్లు, రెండు చాయ్‌లు కలిపి 100. రెండో మాట: ఇడ్లీకి చాయ్ కన్న 20 ఎక్కువ. ఒకటోది కొత్త సంగతేం చెప్తలేదు, రెండోదొక్కటే చాలు. ఇక్కడ 35 అని రాబట్టే పనిలేదు తమ్మీ, రాబట్టవచ్చని తెలిస్తే జవాబు అయిపోయింది. నువ్వేమో పేపర్ మీద ఎక్స్, వై రాసుకుంట కూసుంటవ్.

పరీక్షల జవాబు పెట్టకుండ ముందుకు పోనియ్యదు. రెండున్నర నిమిషాలు దాటితే ఏదో ఒకటి పెట్టి బుక్‌మార్క్ చేసి కదులు, సెక్షన్ చివర టైమ్ మిగిలితే మూడు జవాబుల దాకా మార్చుకోవచ్చు. చివర్ల ప్రశ్నలు విడిచిపెడితే స్కోర్ బాగ తగ్గుతది, అందుకే ఈ అలవాటు ఆరో వారం నుంచే చేసుకో.

ఇంటి నుంచి రాసే వీలుంది గనీ పరీక్ష జరిగేటప్పుడు రూమ్‌లకు ఎవ్వరు రావొద్దు, నెట్ ఆగొద్దు. నలుగురున్న ఇంట్ల అది కష్టమే, ముందురోజు కాజీపేటల రైలెక్కి హైదరాబాద్ సెంటర్‌ల రాసుడే నయం. స్కోర్ నచ్చకపోతే 16 రోజులు ఆగినంక మళ్ల రాయొచ్చు, అప్లికేషన్ గడువుకు ముందు ఆ గ్యాప్ ఉండేటట్టు డేట్ చూసుకో.

ప్రశ్న: మేడమ్, బీకామ్ ఫైనల్ ఇయర్. ఐసెట్‌కు (రాష్ట్రంల ఎంబీఏ, ఎంసీఏ సీట్ల ఎంట్రెన్స్) రెండు నెలలే ఉంది, మధ్యల డిగ్రీ పరీక్షలు. మ్యాథ్స్ అంటే భయం.
– ఒక విద్యార్థిని, మంచిర్యాల

జవాబు: డిగ్రీ పరీక్షలు అయ్యేదాక రోజుకు గంట చాలమ్మా, ఆ గంట శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు, నువ్వు కామర్స్‌ల రోజూ చూసేటివే. ఐసెట్‌ల 150 నిమిషాలల్ల 200 ప్రశ్నలు, ఒక్కోదానికి 45 సెకన్లే, నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్కటి కూడా ఖాళీ పెట్టకు. కమ్యూనికేషన్ 50 మార్కులు నీకు సులువు, అవి ముందు చేతిలకు తెచ్చుకో. డిగ్రీ పరీక్షలు అయిపోయిన తెల్లారి నుంచి పాత పేపర్లు తీయ్, రెండురోజులకొకటి టైమ్ పెట్టుకొని రాయి, తప్పులు పైన తమ్ముడికి చెప్పినట్టే రాసుకో.