ముందు క్యాసెట్టు, తరువాతే ఎమ్యులేటర్

ఈసారి అందిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం గురించినవి: 1980ల నాటి ఎనిమిది బిట్ల ఇంటి కంప్యూటర్లను నేటి ల్యాప్‌టాప్ మీద మళ్లీ నడపడం. అలా పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామునే ఎమ్యులేటర్ అంటారు. మొదటి ఉత్తరంలోని పని వాయిదా వేయడానికి వీల్లేనిది కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాను.

ప్రశ్న: నేను చెన్నైలోని ఒక పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. 1980ల మధ్యలో కేంద్ర ప్రభుత్వపు ‘క్లాస్’ పథకం కింద మా బడికి బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. ఆ రోజుల్లో పిల్లలు రాసిన ప్రోగ్రాములు పదకొండు క్యాసెట్లలో నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కంప్యూటర్లు మాత్రం ఎప్పుడో తుక్కులో కలిసిపోయాయి. ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ వేసుకుంటే ఈ ప్రోగ్రాములు మళ్లీ నడుస్తాయని మా అబ్బాయి అంటున్నాడు. అది నిజంగా ఆ యంత్రమేనా, లేక దాన్ని పోలిన బొమ్మా? నేను ఎక్కడ మొదలుపెట్టాలి?
— విశ్రాంత ఉపాధ్యాయిని, పశ్చిమ మాంబళం, చెన్నై

జవాబు: ఉపాధ్యాయినిగారికి నమస్కారం. మీ అబ్బాయి చెప్పింది నిజమే. అయితే మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఎమ్యులేటర్ సంగతి కాసేపు పక్కన పెట్టి, క్యాసెట్లలోని ధ్వనిని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే పనితో మొదలుపెట్టండి. బీబీసీ మైక్రో కోసం ఆనాడు అమ్మిన ఆటలనూ పాఠ్య ప్రోగ్రాములనూ అభిమానులు ఎందరో ఇప్పటికే భద్రపరిచారు కాబట్టి అవి పోతాయన్న భయం లేదు. మీ విద్యార్థులు రాసినవి మాత్రం మీ ఇంట్లో తప్ప మరెక్కడా లేవు. ఎమ్యులేటర్ వచ్చే ఏడాదైనా దొరుకుతుంది. చెన్నై ఉప్పుగాలిలో, తేమలో దాదాపు నలభై ఏళ్లు గడిపిన టేపు వచ్చే ఏడాదికి ఎలా ఉంటుందో చెప్పలేం.

ముందుగా ప్రతి క్యాసెట్టునూ వెలుతురులో పట్టి చూడండి. చుట్టల అంచున తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్టును ప్లేయర్‌లో పెట్టకండి. బూజు టేపును చదివే హెడ్‌కు అంటుకుని, అక్కడి నుంచి తక్కిన పది క్యాసెట్లకూ పాకుతుంది. సిలికా జెల్ పొట్లాలతో పాటు గాలి చొరని డబ్బాలో కొన్ని రోజులు ఉంచి, బాగా ఆరాక మెత్తని కుంచెతో తుడిచి, అన్నిటికంటే చివర తీసుకోండి. టేపును హెడ్‌కు అదిమి ఉంచే చిన్న ఉన్నిముక్క ఊడిపోయిందేమో కూడా చూడాలి. ఊడితే పాత పాటల క్యాసెట్టు ఒకటి విప్పి అందులోనిది పెట్టవచ్చు. రికార్డు చేసే ముందు టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తెస్తే చుట్టలు వదులై సమానంగా నడుస్తుంది.

క్యాసెట్ ప్లేయర్, దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపే యూఎస్‌బీ సౌండ్ కార్డు, రెండు కొసలా పిన్ను ఉండే తీగ కావాలి. ఈ మూడింటి కోసం మీ ఊళ్లో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్ దాటి వెళ్లనక్కరలేదు. ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. క్యాసెట్టు మోగుతుండగా సన్నని స్క్రూడ్రైవర్‌తో దాన్ని పావు చుట్టు లోపలే అటూ ఇటూ కదిపితే, ఒకచోట ఈల శబ్దం మసక వీడి పదునుగా వినబడుతుంది. అక్కడే ఆపండి. ఆనాడు రికార్డు చేసిన యంత్రపు హెడ్ ఏ వాలులో ఉందో మీ ప్లేయర్ హెడ్ కూడా ఇప్పుడు ఆ వాలుకు వచ్చిందన్నమాట. చదవడానికి మొరాయించే టేపుల్లో చాలావాటికి ఈ ఒక్క సవరణే మందు.

ఆ టేపులో ఉన్నదేమిటో తెలిస్తే ఇంత పట్టింపు ఎందుకో అర్థమవుతుంది. బీబీసీ మైక్రో 1 అనే అంకెను 2400 హెర్ట్జ్ తరంగం రెండు చుట్లుగానూ, 0 అనే అంకెను 1200 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టుగానూ రాస్తుంది. సెకనుకు 1200 అంకెలు, అంటే ముందూ వెనుకా ఉండే గుర్తులు పోను 120 బైట్లు. ఎక్కువ తక్కువ స్వరాల మధ్య తేడా తెలియాలి, అంతే. అందువల్ల సెకనుకు 44,100 నమూనాల చొప్పున, కుదింపు లేని వేవ్ ఫైలుగా రికార్డు చేస్తే సరిపోతుంది; ఎంపీ3 వద్దు, అది మన చెవికి పట్టని వివరాలను వదిలేసే పద్ధతి. శబ్దం శిఖరాలు తెగకుండా సగం స్థాయిలో ఉంచండి. కుడి ఎడమల్ని కలపకుండా, రెండింటిలో స్పష్టంగా ఉన్న ఒక్క వైపునే తీసుకోండి. టేపు రొద తగ్గించే డాల్బీ మీట ఉంటే ఆపివేయండి.

ఇంకొక్క హెచ్చరిక. వీడియో కాల్స్‌లో ఫ్యాను చప్పుడు తగ్గించడానికి ల్యాప్‌టాప్‌లో ఉండే రొద నివారణ సదుపాయాన్ని తప్పకుండా ఆపాలి. నేను మొదట చేసిన రికార్డింగులో ప్రతి ప్రోగ్రాము ముందూ వచ్చే నిలకడైన ఈల రెండు సెకన్లు వినబడి మాయమైంది. టేపు పాడైందనుకుని ఒక సాయంత్రమంతా బాధపడ్డాను. ఆ ఈలను రొదగా ఎంచి తుడిచేసింది ల్యాప్‌టాపే.

వేవ్ ఫైళ్లు సిద్ధమయ్యాక వాటిని అలాగే ఉంచి, ఒక నకలును యూఈఎఫ్ అనే రూపంలోకి మార్చండి. అందుకు ఉచిత సాధనాలు ఉన్నాయి. బీబ్‌ఎమ్, బీ-ఎమ్ అనే ఎమ్యులేటర్లూ, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే నడిచే జేఎస్‌బీబ్ కూడా ఆ రూపాన్ని చదువుతాయి. బీబీసీ టేపు పద్ధతిలో ఒక గొప్ప సుగుణం ఉంది. ప్రోగ్రామంతా 256 బైట్ల ముక్కలుగా ఉంటుంది. ప్రతి ముక్కకూ దాని పేరు, వరుస సంఖ్య, తప్పు పట్టే లెక్క విడిగా ఉంటాయి. తెర మీద ‘డేటా?’ అని వస్తే ఆ ముక్కలో అంకె చెడిందనీ, ‘బ్లాక్?’ అని వస్తే ఒక ముక్క తప్పిపోయిందనీ అర్థం. కనుక ఒకే క్యాసెట్టును రెండు మూడుసార్లు రికార్డు చేసి ఉంచండి. ఒకదానిలో చెడిన ముక్క మరొకదానిలో బాగుండవచ్చు, ఆ రెండింటినీ కలిపి పూర్తి ప్రోగ్రామును నిలబెట్టవచ్చు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఎమ్యులేటర్ బొమ్మ కాదు. బీబీసీ మైక్రోలోని 6502 ప్రాసెసర్ సెకనుకు 20 లక్షల గడియలతో (ప్రాసెసర్ పనిని నడిపించే టిక్కులతో) నడిచేది. ఎమ్యులేటర్ ఆ ప్రాసెసర్ లోపలి గదులను ల్యాప్‌టాప్ జ్ఞాపకంలో అంకెలుగా పెట్టుకుని, ప్రోగ్రామును ఒక్కొక్క బైటే చదువుతుంది. ఉదాహరణకు 169 అనే బైటు ఎదురైతే, దాని తరువాతి బైటును తెచ్చి ‘ఎ’ అనే గదిలో వేసి, రెండు గడియలు గడిచినట్టు లెక్క రాసుకుంటుంది. ఆ గడియల లెక్క ప్రకారమే తెరను గీసే చిప్పు, శబ్దం చేసే చిప్పు, కీబోర్డును చూసే చిప్పు ఏ క్షణాన ఏ స్థితిలో ఉండాలో తేలుస్తుంది. అసలు యంత్రంలోని రోమ్ (చెరగని జ్ఞాపకం) చిప్పులో ఉన్న బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషే, బైటు కూడా మారకుండా, ఇక్కడా నడుస్తుంది. అందుకే మీ విద్యార్థి 1986లో చేసిన తప్పు ఉంటే, అదే వరుస సంఖ్య దగ్గర అదే తప్పు ఇప్పుడూ కనబడుతుంది.

ఒక చిక్కు మాత్రం మీకు తప్పక ఎదురవుతుంది. చాలా ఎమ్యులేటర్లు డిస్కు జోడించిన యంత్రంగా మొదలవుతాయి. ఉత్త టేపు యంత్రంలో ప్రోగ్రాము జ్ఞాపకంలోని 3584వ చోటు నుంచి మొదలైతే, డిస్కు ఉన్న యంత్రం కొంత చోటు తన పనికి ఉంచుకోవడం వల్ల 6400వ చోటు నుంచి మొదలవుతుంది. తెరకే 20 కిలోబైట్లు పోయే మోడ్ 0, 1, 2 అనే తెర అమరికల్లో టేపు యంత్రం మీద 8704 బైట్లు మిగిలితే, ఇక్కడ 5888 మాత్రమే మిగులుతాయి. ఆనాడు సాఫీగా నడిచిన బొమ్మల ప్రోగ్రాము ఇప్పుడు చోటు చాలదని ఆగిపోతే కంగారుపడకండి. నక్షత్రపు గుర్తు పెట్టి ‘టేప్’ అని, తరువాత ‘పేజ్’ అనే పేరుకు సమానం గుర్తు పెట్టి 3584 అని, ఆపైన ‘న్యూ’ అని ఇచ్చి, అప్పుడు లోడ్ చేయండి.

లోడ్ అయ్యాక ప్రతి ప్రోగ్రామునూ మామూలు అక్షరాల ఫైలుగా కూడా దాచాలని నా గట్టి సలహా. బీబ్‌ఎమ్‌లో ప్రింటరు స్థానంలో ఫైలును ఎంచుకుని, ‘వీడీయూ 2’ ఇచ్చి ‘లిస్ట్’ చేస్తే ప్రోగ్రామంతా ఆ ఫైలులోకి వస్తుంది. ‘వీడీయూ 3’ తో ఆగుతుంది. ఎమ్యులేటర్ లేనివారు కూడా చదవగలిగే రూపం అది. ఇప్పుడు నడివయసు దాటుతున్న మీ విద్యార్థులకు ఫోనులో పంపగలిగే రూపం కూడా. వారు దాన్ని చదివే ఫోనుకూ ఆ బడి కంప్యూటరుకూ చుట్టరికం ఉంది. బీబీసీ మైక్రోను తయారుచేసిన ఏకార్న్ సంస్థలో దాని రూపకల్పనలో పాలుపంచుకున్న సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌లే తరువాత ఆర్మ్ ప్రాసెసర్‌ను రూపొందించారు. 1985 ఏప్రిల్ 26న మొదటి ఆర్మ్ చిప్పు ప్రాణం పోసుకున్నది ఒక బీబీసీ మైక్రోకు తగిలించినప్పుడే. నేటి ఫోన్లలోని ప్రాసెసర్లు ఆ వంశానివే.

ప్రశ్న: మా మేనమామ ఇంగ్లండు నుంచి తెచ్చిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ మీద చిన్నప్పుడు ఆడుకున్నాను. ఇప్పుడు ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్ వేసుకున్నాను. ‘లోడ్’ అని టైపు చేద్దామంటే ఎల్ అక్షరం నొక్కగానే ‘లెట్’ అనే మాట పడుతోంది. కీబోర్డు చెడిందా?
— ఒక పాఠకుడు, పెరంబూర్, చెన్నై

జవాబు: కీబోర్డు బాగానే ఉంది. 1982లో వచ్చిన స్పెక్ట్రమ్‌లో వరుస మొదట్లో ఒక్కొక్క కీ ఒక్కొక్క బేసిక్ మాటను ఇస్తుంది. కర్సరులో ‘కె’ అక్షరం కనబడుతున్నంతసేపూ ఇదే తీరు; మాట పడ్డాక అది ‘ఎల్’గా మారి అక్షరాలు వస్తాయి. లోడ్ కావాలంటే ‘జె’ నొక్కండి. ఆపైన సింబల్ షిఫ్ట్ పట్టుకుని ‘పి’ రెండుసార్లు నొక్కితే రెండు ఉల్లేఖన చిహ్నాలు పడతాయి. ఫ్యూజ్‌లో కంట్రోల్ కీ సింబల్ షిఫ్ట్ పని చేస్తుంది. తరువాత ఎంటర్ నొక్కి టేపు ఫైలును నడిపించండి.

అలా ఎందుకు చేశారో చెబితే ఆ పద్ధతి మీద మీకు విసుగు తగ్గుతుంది. జ్ఞాపకంలో ‘ప్రింట్’ అనే మాట ఐదు అక్షరాలుగా కాక 245 అనే ఒక్క బైటుగా ఉంటుంది. మీరు టైపు చేసిన అక్షరాలను వెతికి ఆ బైటుగా మార్చే పనిని 16 కిలోబైట్ల రోమ్‌లో ఇరికించకుండా, ఆ పనిని మీ వేళ్లకే అప్పగించారు. అలవాటు కావడానికి రెండు రోజులు పడుతుంది. అంత ఓపిక లేకపోతే ఎమ్యులేటర్‌లో 128 కిలోబైట్ల స్పెక్ట్రమ్‌ను ఎంచుకోండి. దాని బేసిక్‌లో మాటలను అక్షరం అక్షరంగా టైపు చేయవచ్చు. ఒకటి రెండు వారాలు పాత పద్ధతిలోనే ప్రయత్నించమని మాత్రం కోరుతున్నాను. మీ వేళ్లకు చిన్ననాటి చోట్లు గుర్తుకొస్తాయి.

ప్రశ్న: ఎమ్యులేటర్‌తో పాటు వచ్చే రోమ్ ఫైళ్లు, ఇంటర్నెట్‌లో దొరికే పాత ఆటలు వాడుకోవడం చట్టరీత్యా తప్పా?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: రెండింటినీ విడివిడిగా చూడాలి. స్పెక్ట్రమ్‌ను తయారుచేసిన సింక్లెయిర్ సంస్థ కంప్యూటర్ల వ్యాపారాన్ని 1986లో కొన్న ఆమ్‌స్ట్రాడ్ సంస్థ, ఆ కంప్యూటర్ల రోమ్‌లను ఎమ్యులేటర్లతో పాటు పంచుకోవడానికి 1999లో అనుమతి ప్రకటించింది. హక్కులు మాత్రం తనవేనని చెప్పింది. ఆటల సంగతి వేరు. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా పరిగణిస్తుంది. 1980ల ఆటల హక్కులు ఇంకా తీరిపోలేదు. అమ్మకంలో లేనంత మాత్రాన అవి ఊరుమ్మడి సొత్తు కావు. కొందరు రచయితలు తమ ఆటలను ఉచితంగా పంచుకోవచ్చని స్వయంగా ప్రకటించారు, వాటితో మొదలుపెట్టండి. మీరు చట్టబద్ధంగా సంపాదించిన క్యాసెట్టు పాడైపోకుండా నకలు తీసుకోవడాన్ని అదే చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తోంది.

ప్రశ్న: ఎమ్యులేటర్‌లో తెర పక్కకు జరిగే ఆటలన్నీ కుదుపుతో కదులుతున్నాయి. ల్యాప్‌టాప్ కొత్తదే.
— ఒక పాఠకుడు, అడయార్, చెన్నై

జవాబు: ల్యాప్‌టాప్ వేగానికీ దీనికీ సంబంధం లేదు. ఇంగ్లండు యంత్రాలు సెకనుకు 50 చిత్రాలు గీస్తాయి. మీ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. మిగిలిన పది స్థానాలు నింపడానికి ప్రతి ఐదు చిత్రాల్లో ఒకటి రెండుసార్లు కనబడుతుంది, కుదుపు అదే. ఎమ్యులేటర్‌నే 60కి పెంచితే కుదుపు పోతుంది గానీ ఆట ఐదో వంతు వేగం పుంజుకుంటుంది, పాట తాళం తప్పుతుంది, అలా చేయకండి. హెచ్‌డీఎంఐ తీగతో ఇంట్లోని టీవీకి కలిపి, డిస్‌ప్లే సెట్టింగులలో 50 హెర్ట్జ్ ఎంచుకోండి. మన దేశంలో అమ్మే టీవీల్లో చాలావాటికి ఆ వేగం అలవాటే.