సమాధానం: యూదు మతగురువు ష్నీర్సన్ రాసినదంటూ మీ దగ్గరున్న ఉత్తరం టైపులో ఉంది, సంతకమే చేతిరాత. నకిలీయా?

టైపు చూసి టెన్షన్ పడకండి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉన్న, లుబావిచ్ అనే యూదు మతశాఖ గురువు మెనాఖెమ్ మెండెల్ ష్నీర్సన్ (1902–1994) ఉత్తరాలు చాలావరకు కార్యదర్శులు టైపు చేసినవే. ఆయన చదివి, పెన్నుతో దిద్ది, సంతకం పెట్టేవారు. అంచుల్లో చేతిరాత దిద్దుబాట్లుంటే ఆ ఉత్తరం మరీ అపురూపం.

అసలు చూడాల్సింది సంతకం. కాగితాన్ని ఏటవాలు వెలుతురులో పెట్టి భూతద్దంతో చూడండి. పెన్ను ఒత్తిడి, సిరా చిక్కదనంలో తేడాలు కనిపించాలి. అంతా ఒకేలా చదునుగా ఉంటే అచ్చు ప్రతి కావచ్చు. పండుగల ముందు అందరికీ రాసిన ఆశీర్వాద లేఖలు ప్రతులుగానూ వెళ్లేవి.

తర్వాత ఆయన ఉత్తరాల సంకలనమైన ‘ఇగ్రోత్ కోదెష్’ సంపుటాల్లో, ఉత్తరంపై ఉన్న హీబ్రూ (యూదు పంచాంగ) తేదీ పట్టుకుని వెతకండి. అందులో చాలాచోట్ల గ్రహీత పేరు ఉండదు, కాబట్టి విషయాన్ని పోల్చుకోవాలి. లామినేషన్ మాత్రం అస్సలు చేయించకండి.