నీ కథలో ఆ బయాప్సీ రిపోర్ట్ గురించి

తమ్ముడూ,

కథ చదివాను. నాన్న పాత్ర బాగా కుదిరింది, దగ్గొస్తే పక్కవాటా వాళ్లకి వినపడకూడదని తువ్వాలు అడ్డం పెట్టుకోడం చాలా బాగుంది. కానీ డాక్టర్ ఎక్స్‌రే చూసి "లంగ్ క్యాన్సర్" అనేశాడు, అక్కణ్ణుంచి కథంతా ఏడుపే. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తుంది అంతే, మన దేశంలో అది టీబీ కూడా కావొచ్చు, హామర్టోమా అనే ప్రమాదం లేని గడ్డా కావొచ్చు, ముక్క తీసి చూస్తేగానీ తేలదు.

ఇక్కడ చెన్నైలో ల్యాబ్‌లో స్లైడ్లు చూస్తూ కథలు రాసినదాన్ని కాబట్టి చెప్తున్నా, నువ్వు రాయాల్సింది ఆ ముక్క ఫార్మాలిన్‌లో (కుళ్లిపోకుండా ఉంచే ద్రవం) పడ్డప్పట్నుంచి రిపోర్ట్ చేతికొచ్చేదాకా. సూదితో తీసిన ముక్క సన్నటి దారప్పోగంత ఉంటుంది. దాన్ని మైనంలో పెట్టి 3-4 మైక్రాన్ల మందాన కోసి రంగులేస్తారు. కణాలు గ్రంథుల్లా కట్టుకుంటే, లోపల మ్యూసిన్ అనే జిగురు ఉంటే అడెనోకార్సినోమా అనే రకం, సిగరెట్ ముట్టనివాళ్లకి ఎక్కువగా వచ్చేదిదే. కెరటిన్ (గోళ్లలో ఉండే ప్రొటీన్) ముత్యాలు, కణాల మధ్య సన్న వంతెనలు ఉంటే స్క్వామస్ అనే రకం. స్మాల్ సెల్ అనే ఇంకో రకంలో సైటోప్లాజం (న్యూక్లియస్ చుట్టూ ఉండే పదార్థం) దాదాపు ఉండదు, న్యూక్లియస్‌లు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయి, ముక్క తీసేటప్పుడే నలిగి గీతల్లా సాగిపోతాయి, అలా నలిగిపోతే కార్సినాయిడ్ అనే నెమ్మదిగా పెరిగే గడ్డని కూడా స్మాల్ సెల్ అనుకునే ప్రమాదం ఉంది, అందుకే కేఐ-67 అనే రంగు పరీక్ష వేసి ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో చూస్తారు. టిపికల్ కార్సినాయిడ్ అయితే ఆపరేషన్‌తో చాలామంది బతికి బట్టకడతారు, స్మాల్ సెల్ దొరికేసరికే చాలామందిలో పాకిపోయుంటుంది. ఎంత తేడానో చూడు!

కంటికి తేలనప్పుడు స్టెయిన్లు, అంటే ఫలానా ప్రొటీన్ ఉంటే రంగు తిరిగే పరీక్షలు. టీటీఎఫ్-1 గోధుమరంగు తిరిగితే అడెనో వైపు, పీ40 అయితే స్క్వామస్ వైపు. "వైపు" అనే అంటున్నా, ఎందుకంటే టీటీఎఫ్-1 స్మాల్ సెల్‌లోనూ వస్తుంది, థైరాయిడ్ క్యాన్సర్‌లోనూ వస్తుంది. పేగు నుంచి పాకిందేమో అని అనుమానమొస్తే సీడీఎక్స్2 చూస్తారు. ఇలా అన్నీ వేసుకుంటూ పోతే ముక్క అయిపోతుంది, ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే జన్యువుల టెస్టులకి మిగలదు, అప్పుడు ఆ పెద్దాయనకి మళ్లీ సూది గుచ్చాలి. ఇంకో స్టెయిన్ వెయ్యాలా, ముక్క దాచాలా అని మైక్రోస్కోప్ ముందు కూర్చున్న మనిషి తేల్చుకోలేకపోతుంటే బయట కొడుకు "రిపోర్ట్ ఇంకా రాలేదా మేడమ్" అని అడుగుతుంటాడే, అది రాయి.

ముందు మాత్రం నాన్నకొచ్చింది ఏ రకమో నువ్వు తేల్చుకో. అడెనోలో ఈజీఎఫ్‌ఆర్ మార్పు దొరికితే మాత్రలేసుకుంటూ ఇంట్లోనే ఉంటాడు, స్క్వామస్ అయితే పెమెట్రెక్సెడ్ మందు పనిచెయ్యదు, వేరే కీమో. నీ చివరి మూడు పేజీలూ దాన్నిబట్టే మారిపోతాయి. మార్చి పంపు, స్టెయిన్ల సంగతి నేను సరిచూసి పెడతా.

అక్క
అడయార్, చెన్నై